దూదిబిళ్ళల పాకం

మొన్న మా మనవరాలి బడిలో నిప్పు లేని వంటల పోటీ పెట్టారు. పోటీ పిల్లలకే గాని పాట్లు మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళకి. కార్న్‌ఫ్లేక్స్ కావాలి, మార్ష్‌మాలోలు కావాలి, కిస్‌మిస్‌లు, ఎండు చెర్రీలు కావాలి అని ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఏకరువు పెడుతూంటే, రెండో పేరు వినగానే నా ఒళ్ళు మండింది. ఆ మెత్తటి తెల్లటి మిఠాయి బిళ్ళలు చేసిన పాపం ఏమీ లేదు. వాటి పేరు చెబితే మా అత్తగారు గుర్తుకొస్తారు, అంతే.

పదేళ్ళు దాటిన మాట. అప్పటికి నేనింకా రిటైరవలేదు, విజయనగరంలో కాపురం, చీపురుపల్లిలో టీచరు పని, రోజూ రైల్లో రాకపోకలు. క్రిస్మస్ దగ్గర పడిందంటే బడిలో పరీక్షలు, గుడిలో పాటల ప్రాక్టీసు, ఇంట్లో పిండివంటలు అన్నీ ఒక్కసారే నెత్తిన పడేవి. మన ఈడు ఆడవాళ్ళకి ఇది వేరే చెప్పాలా! మా అత్తవారింట్లో దీనికి తోడు ఒక పద్ధతి ఉండేది. పండక్కి ముందు బెల్లం పాకం పట్టి మరమరాల ఉండలు కడతారు, మొదటి ఉండ మాత్రం ఇంటికి పెద్ద ఆడమనిషే కట్టి పళ్ళెంలో పెట్టాలి, ఆ పళ్ళెం ముందుగా పాస్టరుగారింటికి వెళ్ళాలి, ఆ తరవాతే ఎదురింటి రైతువారికైనా, ఇంకెవరికైనా. ఇక తనవల్ల కాదనుకున్న ఏడు ఆవిడ పెద్దకోడల్ని పిలిచి పాకం గరిటె చేతిలో పెడుతుంది. మా అత్తగారికి వాళ్ళ అత్తగారు అలాగే ఇచ్చారట. ఆ గరిటె ఇచ్చేశాక పెద్దావిడ వంటింట్లో పీట వేసుకుని చూడడమే తప్ప మాట చెల్లదు.

ఆ ఏడు వానాకాలంలో మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. దేవుడి దయవల్ల మాటా నడకా మిగిలాయి గాని కుడిచెయ్యి పట్టు తప్పి, వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. ఇక ఈ క్రిస్మస్‌కి గరిటె నాకు వస్తుందని చుట్టాలంతా అనేసుకున్నారు. ఆవిడ చెవినా పడింది. ఆ రోజునుంచి నేను వంటింట్లో గిన్నె కదిపినా ఆవిడకి అనుమానమే, ఉప్పు ఎక్కడ పెట్టావు, పప్పు ఎందుకు తీశావు అని నా ప్రాణం తోడేసేవారు. నాకా గరిటె మీద ఆశా లేదు, తీరికా లేదు మొర్రో అంటే వింటేనా.

ఈ గొడవలోకి మా తోడికోడలు దిగింది. కొత్తవలసలో ఉండేది, ఫోన్లో వంటల వీడియోలు చూడడం ఆ పిల్లకి అప్పుడే పట్టుకున్న పిచ్చి. అత్తకి చేతికి శ్రమ లేకుండా ఈసారి కొత్తరకం చేద్దామని, విశాఖపట్నం పెద్దకొట్లో మార్ష్‌మాలో పొట్లాలు, కార్న్‌ఫ్లేక్స్, ఎండు చెర్రీలు కొనుక్కుని వచ్చింది. కిస్‌మిస్, జీడిపప్పు మా ఇంట్లో ఉండనే ఉన్నాయి. ఇంత వెన్నలో ఆ బిళ్ళల్ని సన్నసెగ మీద కరిగించడం, కార్న్‌ఫ్లేక్స్, ఎండుపళ్ళు కలపడం, పళ్ళెంలో అరచేత్తో అదిమి ముక్కలు కోయడం, అంతే పని. ఉండ కట్టక్కర్లేదు. మా అత్తగారు ఒక బిళ్ళ నొక్కి చూసి, మమ్మల్ని చూసి, "ఈ దూదిబిళ్ళలేటి? పాకం నేకుండా ఏటి సేస్తారే?" అని మొహం తిప్పేసుకున్నారు.

బిళ్ళలు చక్కగా కరిగాయి, గిన్నె దింపాం. సరిగ్గా అప్పుడే గుడివాళ్ళు నక్షత్రం కట్టడానికి నిచ్చెన కావాలని వచ్చారు, అది తీసివ్వడానికి మేమిద్దరం పెరట్లోకి వెళ్ళాం. నిచ్చెన మీద గుమ్మడితీగ పాకి ఉంది, అది విడదీసేసరికి ఆలస్యమైంది. లోపలికి వస్తే ఇల్లంతా మాడువాసన! మా అత్తగారు గిన్నె మళ్ళీ పొయ్యెక్కించి, పెద్దమంట పెట్టి, పక్కన చిప్పలో నీళ్ళు పెట్టుకుని, బెల్లం పాకానికి చూసినట్టే చుక్క చుక్క వేసి చూస్తున్నారు. పాకం ముదిరితే చుక్క నీళ్ళలో మునిగి ముద్ద కట్టాలి. ఇది మునగదు, ముద్ద కట్టదు, నురగలా పైకి తేలుతుంది. తేలుతోంది గనక పాకం ఇంకా రాలేదని ఆవిడ లెక్క! "నీలల్లో ఏస్తే తేలతన్నాదే, ఇదేటి మాయ పాకమే!" అని తిరిగి నామీదే కేకలు. ఆఖరికి అది నల్లబడ్డాక కార్న్‌ఫ్లేక్స్ మీద కుమ్మరించారు. మేం చూస్తూండగానే బిగుసుకుపోయింది, పచ్చడిబండతో కొట్టినా పగల్లేదు.

నాకు ఏడుపొకటే తక్కువ. సాయంత్రానికి పళ్ళెం పాస్టరుగారింటికి చేరాలి, మరమరాలు లేవు, బెల్లం నానబెట్టలేదు. నోటికి వచ్చినవన్నీ అంటూ గిన్నె కడుగుతూంటే మా తోడికోడలు నా మోచెయ్యి పట్టుకుని, "అక్కా, అత్త సెయ్యి సూడు" అంది. చూశాను. ఆవిడ పీట మీద కూర్చుని, అంచునుంచి ఊడిన ముక్క ఒకటి ఆ ముడుచుకుపోయిన కుడిచేతి గుప్పిట్లో పెట్టుకుని, ఎడంచేతి బొటనవేలితో నొక్కుతున్నారు. ఆ వేళ్ళు తెరుచుకోవు గాని, ముడుచుకున్న తీరు సరిగ్గా ఉండ పట్టేంత. పళ్ళెంలో అరచేత్తో అదమమంటే ఆవిడవల్ల కాదు, ఉండ అయితే కట్టగలరు. అందుకే పాకం కావాలన్నది. చేతికి శ్రమ లేకుండా చూద్దామని మేం తీసేసిందే ఆవిడ చెయ్యగలిగిన ఒక్క పనీను. ఆ మాట నోటితో చెబితే నేను వద్దంటానా? ముందు కోపం వచ్చింది, ఆ వెంటే కళ్ళు నిండుకొచ్చాయి.

మిగిలిన పొట్లం విప్పి మళ్ళీ కరిగించాం. ఈసారి నేను పొయ్యి దగ్గర కాపలా ఉన్నాను. అంతా కలిపి, గోరువెచ్చగా ఉండగా చిన్న ముద్ద తీసి, నెయ్యి రాసిన ఆ గుప్పిట్లో మా తోడికోడలు పెట్టింది. ఒక పక్క వంకరగా, కిస్‌మిస్ ఒకటి బయటికి పొడుచుకొచ్చి, ఉండ వచ్చింది. పళ్ళెం నిండా నలుచదరం ముక్కలు, మధ్యలో అదొక్కటే ఉండ. పాస్టరమ్మగారు ఏమీ అడగకుండా ముందు దాన్నే తుంచి నోట్లో వేసుకున్నారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా అత్తగారు ఒక ముక్క కొరికి, "సబ్బులాగున్నాది. పాకం రానిచ్చుంటే బాగున్ను" అన్నారు!

ఆ తరవాత రెండు క్రిస్మస్‌లు కూడా ఆ బిళ్ళలే, ఆ పోట్లాటే, మొదటి ఉండ ఆవిడ గుప్పిట్లోదే. గరిటె మాత్రం నా చేతిలో పెట్టలేదు. ఒక వేసవిలో చెప్పా పెట్టకుండా కన్నుమూశారు. ఇప్పుడు మా వాళ్ళలో పళ్ళేలు తగ్గాయి, కొట్లో రంగుడబ్బాలు కొని ఆటో అబ్బాయి చేత పంపించేస్తున్నారు, ఎవరు చేశారని అడిగే పనే లేదు. మా ఇంట్లో ఇంకా మరమరాల ఉండలు చేస్తున్నాను. పాకం ఎప్పుడు దింపినా ఎవరూ కాదనరు, ఎలా వచ్చినా బాగుందంటారు. మొదటి ఉండ నేనే కడతాను, కట్టడానికి ఇంకెవరూ లేరు గనక. ఇన్నేళ్ళు ఆ ఇంటి పెద్దకోడలిగా చాకిరీ చేసినదాన్ని, ఏటా గరిటె పట్టుకునేసరికి ఎవరో చూస్తారేమో అన్నట్టు గుమ్మంవైపు చూస్తాను. ఒక్కసారి పిలిచి ఇచ్చి వెళ్తే ఏం పోయేది ఆ మహాతల్లికి!