ఇస్తారన్న కడుపులో కబ్జాగాళ్లు

మా ఇస్తారన్న తన కడుపులోని సూక్ష్మజీవులను అడగందే మంచినీళ్లు కూడా తాగడు. ఎవరేం పెట్టినా పొట్ట మీద చెయ్యేసి, "ఏమంటరు?" అని తల వంచి వింటాడు. ఆ తర్వాతే మనకు జవాబు.

ఇబ్రహీంపట్నంలో రాళ్లగుట్టలు కూడా ప్లాట్లయిపోతున్న రోజులవి. సాగర్ రోడ్డు మీద మేమిద్దరం ప్లాట్లు అమ్మేవాళ్లం. ప్లాటు చూడవచ్చినవాణ్ణి ఎండలో నిలబెట్టి ఇస్తారన్న పాఠం చెప్పేవాడు.

"కడుపంటే వెంచర్ తమ్మీ. మంచి పురుగులు ప్లాటు కొన్నోళ్లు, చెడ్డయి కబ్జాగాళ్లు. కిడ్నీ మందగిస్తే కబ్జాగాళ్లు మోపై పెరుగుతరు. ఆళ్ల విషానికి ఒంట్ల రక్తం పుట్టుడు తగ్గుతదట. డాక్టరే చెప్పిండు."

"కిడ్నీ ఖరాబైందా అన్నా?"

"అవ్. రక్తం గూడ తక్కువున్నది. ఇగో, ఈ ప్లాటుకు తూర్పు ముఖం!"

వాడు మళ్లీ కనబడితే ఒట్టు.

మాలాగే ప్లాట్లమ్మే పరశురాం కొత్త వెంచర్ మొదలుపెట్టి దావత్ ఇచ్చాడు. మా దిక్కు దావత్‌లో మటన్ ముక్క వద్దంటే పెట్టినవాణ్ణి తిట్టినట్టే. ఇస్తారన్న పొట్టనడిగి, "వద్దంటున్నరు" అన్నాడు.

"ఒక్క ముక్క తినకుంటే నీకు నాకు మాటల్లేవ్!"

"నేను తింట. కబ్జాగాళ్లకు గూడ దావతైతది, ఎట్ల మరి?"

అందరూ విరగబడి నవ్వారు. ఆయన టిఫిన్ డబ్బా విప్పి భార్య బాలనర్సమ్మకూ ఇంత చప్పిడి కూడు పెట్టాడు. "ఈ పిచ్చోనితోటి నాకు గూడ గిదే గతి" అని నవ్వుకుంటూ తిన్నదామె.

మూడు నెలలుగా సూదిమందు వేసినా రక్తం పెరగడం లేదని ఇస్తారన్న దిగులుపడితే, తోడుగా నేనూ పట్నం దవాఖానకు వెళ్లాను. నర్సు పిలిచింది: "బాలనర్సమ్మ!"

వదిన లేచి లోపలికి పోయింది. నేను నోరు తెరిచాను.

"రోగం నీకు కాదా అన్నా?"

"నాకేమైంది, దున్నపోతు లెక్కున్న. మునుపున్న ఊర్ల మీ వదినను జూసి అందరు అయ్యో అయ్యో అంటుంటే పడలేక మందు బంద్ జేసింది, కూడు ముట్టలే. ఈడికొచ్చినంక రోగం నాకే అని చాటిన. ఇప్పుడు నన్ను జూసి నవ్వుకుంట తింటున్నది. ఆమె ఉంటే చాలు, నన్నెంత నవ్వితేంది?"

అంతలో నర్సు బయటికొచ్చి, ఈసారి రక్తం పెరిగిందని చెప్పింది. ఇస్తారన్న ఆ నర్సుకు కూడా ప్లాటు చూపిస్తానన్నాడు.

తిరిగొచ్చి బస్టాండు పక్క హోటల్లో కూర్చున్నాం. అంతా మా ఊరివాళ్లే. డాక్టరు ఒప్పుకున్న ఒక్క ముక్క పళ్లెంలోకొచ్చింది. అలవాటుగా ఇస్తారన్న పొట్ట మీద చెయ్యేసుకున్నాడు. వదిన అందరూ చూస్తుండగానే ఆ చెయ్యి లాగి తన పొట్ట మీద పెట్టుకుంది.

"ఆడ గాదు, ఈడ అడుగు."

ఇస్తారన్న తల వంచి చాలాసేపు విన్నాడు.

"ఒప్పుకున్నరు. గాని ముక్కతోటి చారు గూడ గావాలంటున్నరు."