బొట్టు పెట్టి పిలిచిన పరీక్ష

అనకాపల్లి జిల్లా అయిన మరుసటి ఏడాది జూన్‌లో, కె. కోటపాడు దగ్గరి ఒక ఊళ్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షల బాధ్యత నాకు అప్పగించారు. నేను పబ్లిక్ హెల్త్ నర్సుని. రిటైర్మెంటుకి పదకొండు నెలలుంది.

ఈ క్యాన్సర్‌కి మూలం హెచ్‌పీవీ అనే వైరస్. సోకినా చాలామందిలో దానంతటదే పోతుంది. పోకుండా ఉండిపోతే క్యాన్సర్‌గా మారడానికి ఏళ్లు పడుతుంది. ఆ వ్యవధిలోనే మా పని. ముఖద్వారానికి పలచని ఎసిటిక్ యాసిడ్ అద్ది ఒక్క నిమిషం ఆగితే, తేడా ఉన్నచోట తెల్లమచ్చ తేలుతుంది. ఖరీదైన యంత్రం అక్కర్లేదు కనుకనే పేద దేశాల్లో ఇది నిలబడింది. ముప్పై దాటిన ఆడవాళ్లు రావాలి, అంతే.

ఆటోకి మైకు కట్టి ఊరంతా చెప్పించాను. మొదటిరోజు శిబిరానికి ముగ్గురే వచ్చారు.

కారణం కనుక్కుందామని నూకరత్నం ఇంటికి వెళ్లాను. చెరకు రైతు ఇల్లాలు, నలభై ఎనిమిదేళ్లది. ఆ వీధిలో ఆడవాళ్లకి ఆమె మాటే మాట.

“మైకులో అరిత్తే వచ్చీడానికి ఇదేటి, ఉల్లిపాయల బేరమా నర్సమ్మా? గడపలోకొచ్చి బొట్టెట్టి పిలిసేరా?” అంది. కోడలు గౌరి తలుపు చాటున నవ్వింది.

మర్నాడు కుంకుమ భరిణె పట్టుకుని నేనూ ఏఎన్ఎమ్మూ ఇంటింటికీ తిరిగాం. ముందు అత్తల్ని, తర్వాత కోడళ్లని పిలిచాం. క్రైస్తవుల ఇళ్లలో బొట్టు లేకుండా, కూర్చుని నోటితో పిలిచాం. మధ్యాహ్నానికి ముప్పై నలుగురు వచ్చారు. ముందు నడిచింది నూకరత్నమే. తెల్లమచ్చ కనిపించిందీ ఆమెకే.

మచ్చ ఉంటే క్యాన్సర్ అని కాదనీ, విశాఖలో పెద్ద పరీక్ష చేయించాలనీ చెప్పాను. “నొప్పి నేదు, జొరం నేదు. నానెల్లను” అని లేచింది. ఆమె మానేస్తే ఆమెకి ప్రమాదం. ఆమెని చూసి వరసలో ఉన్నవాళ్లూ లేచి వెళ్లిపోతారు.

అప్పుడు గౌరి అంది: “బొట్టెట్టించుకుని వచ్చి, బోజనం సెయ్యకుండా లేచెల్లిపోతావేటత్తా?”

అందరూ గొల్లున నవ్వారు. నూకరత్నం కోడల్ని “నోర్ముయ్యే” అని కసిరి, నావైపు తిరిగి, “బస్సెన్నింటికి?” అంది.

విశాఖలో ముక్క తీసి చూస్తే క్యాన్సర్‌కి ముందు దశ అని తేలింది. ఆ భాగం తొలగించారు. ఏడాది తర్వాత చేసిన పరీక్షలో ఏమీ లేదు. అప్పటికి నేను రిటైరయ్యాను. ఆ ఏటి శిబిరానికి భరిణె పట్టుకుని ఊరంతా తిరిగింది నూకరత్నమేనట.

నా సర్వీసులో గర్వంగా చెప్పుకునే పని ఇది. పరీక్షకి ఒక్క నిమిషం చాలు. మనిషిని పరీక్ష బల్ల దాకా మర్యాదగా తీసుకురావడం కూడా ఆ పరీక్షలో భాగమేనని, ఆ ఊరు నాకు నేర్పింది.