పైపన్ను, సన్నాయి పీక

మా ఇంట్లో మగవాళ్ళు గుళ్ళలోనూ పెళ్ళిళ్ళలోనూ సన్నాయి వాయిస్తారు. సన్నాయికి ముందు పళ్ళు ఎంత ముఖ్యమో బయటివాళ్ళకు తెలియదు. పెదవికి వెనక పన్ను దన్నుగా ఉండాలి. లేదంటే పెదవి, నోట పెట్టే రెల్లు పీక మీద బిగుసుకోదు, గాలి పక్కకు జారిపోతుంది. మా అన్నకు అదే జరిగింది. పైపన్ను తీయించుకుని ఊరుకున్నాడు. కొన్నాళ్ళకు అక్కడి ఎముక కరిగి పెదవి లోపలికి పోయింది. నాకు విద్య నేర్పినవాడు, ఇప్పుడు ఊదలేక నా పక్కన కూర్చుని తాళం వేస్తున్నాడు!

కృష్ణపట్నం రోడ్డు మీద బండి జారి నా పైపన్ను వేరుదాకా చీలింది. నెల్లూరులో పళ్ళ డాక్టరమ్మ తీయక తప్పదంది.

"తీయండమ్మా. మా అన్న మాదిరి మాత్రం చేయొద్దు నన్ను," అన్నాను, కోపంగానే.

"గోడ కట్టేదానికి కర్రలతో సారవ కడతారు గదా," అందామె. "అట్టనే మీ పన్ను గుంతకు కొలత తీసి, చెన్నైలో మిషన్ మీద చిన్న సారవ మాదిరిది అచ్చేయిస్తాం. పన్ను తీసిన వెంటనే లోపల పెడతాం. దాన్ని పట్టుకుని మీ ఎముక పెరగతాది, ఆ సారవేమో కరిగిపోతాది. అప్పుడు ఆ ఎముకలో స్క్రూ పన్ను బిగిస్తాం."

"ఖాయమేనా?"

"కొత్త పద్ధతి. ఖాయమని చెప్పను. నేను చెప్పేదాకా ఊదకూడదు, నోటితో ఏదీ పీల్చకూడదు."

చెన్నై నుంచి వచ్చిన ఆ అచ్చు చింతగింజంత కూడా లేదు. తెల్లగా, ఒళ్ళంతా సన్నటి కన్నాలు. పన్ను తీసి, దాన్ని లోపల పెట్టి కుట్లేసింది.

మూడోరోజు పొద్దున నా చేతులు వాటంతటవే సన్నాయి సంచి విప్పాయి. వాయించే ముందు పీకను నోట్లో తడుపుకోవడం మా అలవాటు. ఊదడం లేదు కదా అనుకుంటూ హాయిగా చప్పరిస్తున్నాను. నోరు ఉప్పగా అయ్యాక గానీ బుద్ధి రాలేదు. రక్తం!

"మతి ఉందా అయ్యా నీకు! పసిబిడ్డ మాదిరి చీకతా కూర్చున్నావే!" అని నా భార్య కేకలేసింది.

డాక్టరమ్మ చూసింది. కుట్టు ఒకటి తెగింది, లోపలిది కదల్లేదు. ఇంకోసారైతే ఆశ వదులుకోమంది. ఇంటికొచ్చి సంచి మా అన్న చేతిలో పెట్టాను.

"నేనడిగినా ఇయ్యొద్దు, అన్నా."

"కాళ్ళు పట్టుకున్నా ఇయ్యను పో," అన్నాడు.

పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. నాయుడుపేట నుంచి ఎవరో వచ్చి నా చోట కూర్చున్నారు. నేను అన్న పక్కన తాళం పట్టుకున్నాను. ఆయన ఇన్నేళ్ళూ ఎట్లా ఓర్చుకున్నాడో అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. ఒకసారి నిజంగానే సంచి అడిగాను. ఆయన మొహం తిప్పుకున్నాడు. మళ్ళీ అడగలేదు. ఎముక నిలవాలి, అంతే.

నిలిచింది. ఎక్స్‌రే ఫొటోలో డాక్టరమ్మ వేలుపెట్టి చూపించింది. స్క్రూ పన్ను పెట్టి, అది గట్టిపడ్డాక ఊదమంది.

ఆ రోజు అన్న సంచి తెచ్చాడు. పీక నాకివ్వలేదు. తన నోట్లోనే పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తీరిగ్గా తడిపాడు. ఎన్నేళ్ళయిందో ఆయన పీక నోట పెట్టి! అప్పుడు సన్నాయికి బిగించి ఇచ్చాడు. నేను ఊదుతుంటే నా పెదవి చివర వేలు ఆనించి చూశాడు.

"గాలి పక్కకు పోలేదురా," అన్నాడు. "ఇంకోసారి ఊదు."