వేలాడే లోడు

స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన నాకు ఒకటే మతం: వేలాడే లోడు కింద మనిషి నిలబడకూడదు. దాన్ని కంబాలకొండ అడవిలోకి కూడా మోసుకెళ్ళాను.

మొన్న చలికాలంలో కుటుంబమంతా అక్కడికి వెళ్ళాం. దారి చూపడానికి అడవి వాచర్ ఒకాయన తోడొచ్చాడు. ఒక మలుపులో లారీ అంత గుండ్రాయి, ఇంకో రాయి అంచు మీద అరచెయ్యంత చోట ఆని నిలబడి ఉంది. మావాళ్ళు సరిగ్గా దాని నీడలోనే దుప్పటి పరిచి పులిహోర డబ్బా విప్పారు.

నాకు ఒళ్ళు మండింది. "లెగండి! పట్టి ఉంచే స్లింగు తాడు లేదు, బ్రేకు లేదు, దాని కింద కూర్చుని తింటారా?" అని అరిచాను.

"ఏటి బావా, ఇంకా డ్యూటీ దిగలేదా? వచ్చి తిను" అన్నాడు మా బావమరిది. అందరూ నవ్వారు, ఒక్కరూ లేవలేదు.

నేను పౌరుషంగా నా విస్తరాకు పట్టుకుని, స్కూటర్ హెల్మెట్ పెట్టుకుని, దూరంగా ఉన్న చదును బండ మీద ఒక్కణ్ణే కూర్చున్నాను. అక్కణ్ణుంచే భద్రత గురించి ఉపన్యాసం సాగించాను.

వాచర్ చాలాసేపు ఓపిక పట్టాడు. "బాబూ, ఆ రాయి మా తాత పుట్టకముందు నుంచీ అలాగే ఉంది. తమరు కూకున్న బండ సూసుకున్నారా? సిరుతపులి వచ్చి పడుకునేది దాని మీదే."

కిందికి చూశాను. విస్తరాకు పక్కనే వెంట్రుకలు కలిసిన పెంట, ఇంకా తడి ఆరలేదు.

ఆ రోజు తీసిన ఫొటోలో అందరికంటే లోపలికి, గుండ్రాయి కిందకి దూరి, హెల్మెట్‌తో పులిహోర తింటున్నది నేనే.