ఎంగిలి డ్రమ్ము, పూల కుండ

మా పెరట్లో ఎరువు చేయడానికి రెండు రకాల పాత్రలున్నాయి. ఒక రకం మూతలున్న నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు. వాటిలో వంటింటి చెత్త వేస్తాం. రెండో రకం మట్టికుండలు. వాటిలో దేవుడి దగ్గర తీసిన పూలు తప్ప ఇంకేమీ పడవు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఇదెందుకు, అదెందుకు అని అడుగుతారు. రెండూ వేరే రకం ఎరువులని చెప్పి తప్పించుకుంటాను. అసలు సంగతి చెప్పాలంటే, నేను ఏడు నెలలు అబద్ధమాడిన విషయం చెప్పాలి.

నేను రాజమండ్రిలో ఒక బడిలో సైన్సు చెబుతాను. రాలిన ఆకు మట్టిగా ఎలా మారుతుందో బోర్డు మీద బొమ్మలేసి చెప్పేదాన్ని, ఎరువు చేయడం రాదంటే ఒప్పుకుంటానా? ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసి, ప్లంబరు చేత డ్రమ్ముకి కన్నాలు పెట్టించి మొదలుపెట్టేశాను. తడిచెత్త మీద ఏదో ఒక పొడి సరుకు కప్పాలన్నారు వీడియోలో. మన గోదావరి జిల్లాల్లో పొడి సరుకంటే ఊకే కదా. రైసు మిల్లు నుంచి రెండు బస్తాలు తెప్పించాను. మా ఇంట్లో ఇప్పటికీ గంజి వార్చే వండుతాం. గంజిలో బలముంటుందని అది కూడా రోజూ డ్రమ్ములోనే పోశాను. ఇరవై రోజులకి పెరట్లోకి ముక్కు మూసుకోకుండా వెళ్లే పరిస్థితి లేదు. తెల్ల పురుగులు డ్రమ్ము అంచు దాకా ఎక్కి వచ్చాయి. మేడమీద అద్దెకున్నవాళ్లు మర్యాదస్థులు కాబట్టి ఏమీ అనకుండా కిటికీలు మూసుకున్నారు.

అప్పుడు మా అత్తగారు వచ్చి మూత తీసి చూశారు. ఆవిడ కోరుకొండ వైపు పల్లెటూళ్లో నలభై ఏళ్లు వ్యవసాయపు ఇంట్లో బతికి, మామగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. వచ్చేటప్పుడు తులసిమొక్కని ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నారు. నాతో ఏ మాట అన్నా చివర్లో 'అమ్మా' అని ఉంటుంది, తిట్టినా సరే.

"ఏంటమ్మా ఇది, కుడితి తొట్టా?" అన్నారు.

"కంపోస్టండి అత్తయ్యగారూ."

"గంజి గేదెకి పెట్టేది గానీ పెంటకి పోసేది కాదమ్మా. ఊకేంటి, ఏళ్లతరబడి పడున్నా కుళ్లదది. ఎండుటాకులు లేవా ఈ ఊళ్లో?"

ఉన్నాయి. మా వీధి మలుపులో బాదంచెట్టు రోజూ బస్తాడు ఆకులు రాలుస్తుంది. వాటిని నలిపి, కొబ్బరిపీచు విడదీసి కలిపి, దోసెడు చెత్తకి రెండు దోసిళ్ల ఆకులు చొప్పున వేయించారావిడ. గంజి మానిపించారు. వారానికోసారి కర్రతో అడుగుదాకా తిరగేయించారు. పిడికెడు తీసి గట్టిగా పిండితే ముద్ద నిలవాలట, నీటిచుక్క మాత్రం కారకూడదట. వీడియోల్లో ఇన్నిసార్లు చూసినా నాకు పట్టుబడని తడి లెక్క ఆ ఒక్క పిడికిలితో తెలిసిపోయింది. పది రోజుల్లో వాసన పోయింది. మేడమీద కిటికీలు తెరుచుకున్నాయి.

నేను ఊరుకుంటానా? వీధిలో ఇంటింటికీ వెళ్లి తడిచెత్త వేరు, పొడిచెత్త వేరు అని పాఠం మొదలుపెట్టాను. నాలుగిళ్లవాళ్లు కూరగాయ తొక్కలు తెచ్చి మా డ్రమ్ములో వేసేవారు. నా మాట నెగ్గుతోందని నాకు మహా గర్వం.

అత్తగారు ఒక్క షరతు పెట్టారు. "నీ చెట్లకి వేసుకో అమ్మా. నా తులసమ్మకి మాత్రం వద్దు. కంచాల్లో మిగిలింది కూడా ఇందులోనే పడుతోంది కదా, ఎంగిలి." ఎంగిలికి వేరే సూక్ష్మజీవులుండవని చెప్పబోయి, ఎందుకులే అని ఊరుకున్నాను.

ఇక పూల సంగతి. ఆవిడ రోజూ మూరెడు దండ కొంటారు. పటాలకి వేసి, మర్నాడు తీసి, గుడ్డసంచిలో పోగుచేస్తారు. శుక్రవారం పొద్దున్న ఆ సంచి నా చేతికి వస్తుంది. బడికి వెళ్లే దారిలో రేవు దగ్గర స్కూటీ ఆపి వాటిని గోదావరిలో కలపడం నా పని. నాకది గిట్టేది కాదు. నలుగురూ పూలతోపాటు ప్లాస్టిక్ కవర్లు కూడా విసిరేస్తుంటే, వాళ్ల పక్కన నిలబడి నేనూ వెయ్యాలా అని ప్రతి వారం మండిపోయేది.

ఆగస్టులో వరద వచ్చి రేవుకి తాళ్లు కట్టేశారు. సంచి వెనక్కి తెచ్చాను. సాయంత్రం ఎవరూ చూడకుండా డ్రమ్ములో వేసి పైన ఆకులు కప్పేశాను.

"గోదాట్లో కలిపావా అమ్మా?" అని వంటింట్లోంచి అడిగారు.

"కలిపానండి."

అంతే. ఒక్క మాట. వరద తగ్గింది, తాళ్లు తీసేశారు, కానీ నేను మళ్లీ రేవుకి వెళ్లలేదు. ప్రతి శుక్రవారం ఆవిడ అడగడం, నేను కలిపానండి అనడం. నదికి మేలు చేస్తున్నాను, ఎరువూ అవుతోంది, పెద్దావిడ మనసూ నొప్పించలేదు, ముగ్గురికీ మంచిదేగా అని సర్దిచెప్పుకున్నాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఏడు నెలలు తాగాను.

మొదటి డ్రమ్ము నవంబరుకి నిండితే, రెండోది మొదలుపెట్టి, మొదటిదాన్ని మూడు నెలలు కదపకుండా వదిలేశాం. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్న జల్లించడానికి కూర్చున్నాం. ఎదురుగా ఇల్లు కడుతున్న మేస్త్రిని అడిగి ఇసక జల్లెడ తెచ్చాను. అత్తగారు పీట వేసుకుని మరీ కూర్చున్నారు. గుప్పెడు తీసుకుని నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"పండిందమ్మా! తొలకరికి తడిసిన మట్టి వాసనొస్తోంది చూడు. ఇంత మంచిది మా దొడ్లో కూడా ఎప్పుడో గానీ దిగేది కాదు."

అంతకంటే పెద్ద మెప్పు మా ఇంట్లో ఎవరికీ దొరకలేదు. నేను పొంగిపోతుండగానే ఆవిడ జల్లెడలోంచి ఏదో లాగారు. మూరెడు దారం. పూలు మట్టయిపోయాయి. పువ్వు పువ్వుకీ వేసిన ముడి మాత్రం వరసగా అలాగే ఉంది. ఈమధ్య మా వీధి మొదట్లో పూలు కట్టే ఆవిడ అరటినార మానేసి, కుళ్లని దారంతో కడుతోంది. నేనా సంగతే పట్టించుకోలేదు.

"నా జళ్లో పూలవేమోనండి," అన్నాను.

"నువ్వు జుట్టు కత్తిరించుకుని నాలుగేళ్లయింది," అన్నారావిడ.

చివర్లో 'అమ్మా' లేదు. జల్లెడలో చెయ్యి పెట్టి మరో దారం తీశారు, ఇంకోటి తీశారు. అన్నీ గట్టు మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చి, లేచి వెళ్లి, మైల తగిలినట్టు తలస్నానం చేశారు.

అరిచి ఉంటే బాగుండేది. అరిచేవాళ్లతో నేను అరవగలను. ఆవిడ నేనిచ్చిన కాఫీ తాగేవారు, వండింది తినేవారు. శుక్రవారం సంచి మాత్రం నా చేతికి రాలేదు. మోకాళ్లు నొప్పిగా ఉన్న రోజుల్లో దీపం పెట్టమని నాకు చెప్పేవారు, ఇప్పుడు మా ఆయనకి చెబుతున్నారు. ఆయనకి వత్తులెక్కడుంటాయో తెలీదు, నన్నొచ్చి అడుగుతారు. నేను చూపించాలి. ఆ వత్తుల డబ్బా చూపించినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. ఆవిడ మళ్లీ నన్ను నమ్ముతారా లేదా అన్నదొక్కటే పగలూ రాత్రీ మనసులో తిరిగేది.

"సారీ చెప్పెయ్, అయిపోతుంది," అన్నారు మా ఆయన. చెప్పాను.

"చెట్ల కోసం చేశావు, దానికేం," అన్నారావిడ. "శుక్రవారం శుక్రవారం నా మొహం చూసి చెప్పావు చూడు, అదీ."



ఆ వచ్చే శుక్రవారం ఆవిడే ఆటో పిలిపించుకున్నారు. నేను బడికి పూటసెలవు చెప్పి వెనకాలే ఎక్కాను. వద్దనలేదు, రమ్మనలేదు. రేవులో మెట్టుమెట్టుకీ ఆగుతూ దిగారు. కింద ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు ఒడ్డునున్న పూలనీ, కవర్లనీ దంతెతో లాగి పోగుపెడుతున్నారు. పైన ట్రాక్టరు ఆగి ఉంది.

"ఇవన్నీ ఎక్కడికి పట్టుకెళ్తారమ్మా?" అని అత్తగారు వాళ్లలో ఒకావిణ్ణి అడిగారు. నాకు దూరమైన 'అమ్మా' ఆవిడకి దక్కింది.

"డంపింగు యార్డుకండి."

"ఊళ్లో ఎంగిలి విస్తళ్లూ అవీ కూడా అక్కడికేనా?"

"అన్నీ అక్కడికేనండి. వేరువేరుగా ఎవరు ఏరతారండీ?"

అత్తగారు సంచి పట్టుకుని అలాగే నిలబడ్డారు. చూశారా మరి అన్న మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. నా జన్మలో మొదటిసారి నోరు మూసుకున్నాను. ఆవిడ వంగి నీళ్లు తల మీద చల్లుకుని, సంచి విప్పకుండానే మెట్లెక్కారు.

ఆటోలో సగం దూరం వచ్చాక చెప్పారు. "మా ఊళ్లో కాలవలో వేసేవాళ్లం. కాలవకి నీళ్లు కట్టేసిన రోజుల్లో కొబ్బరిచెట్టు మొదట్లో గొయ్యి తీసి వేసేవాళ్లం. ఎవరి కాలూ తగలకూడదు, ఎంగిలి తగలకూడదు. అంతకంటే ఏమీ లేదు. అడిగితే చెప్పేదాన్ని. నువ్వడగలేదు."

అడగలేదు. ఆవిడకి తెలీదనుకున్నాను, చెప్పినా అర్థం కాదనుకున్నాను. ఊరందరికీ ఏది దేంతో కలపకూడదో నేర్పేదాన్ని, ఇంట్లో మనిషికీ అలాంటి లెక్కే ఒకటుంటుందని నాకు తట్టలేదు. సిగ్గుతో ఆటో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

దారిలో ఆటో ఆపించి కుండ కొన్నారు. అడుగున కన్నం మాత్రం నా చేత పెట్టించారు. పూలూ, నలిపిన ఎండుటాకులూ, పిడికెడు పిడకపొడి వేశారు. నా డ్రమ్ములోది ఒక్క పలుకు కూడా కలపనివ్వలేదు. మధ్యాహ్నాలు గుమ్మంలో కూర్చుని దండల్లోంచి దారాలు లాగి, కాలిన వత్తులూ, కర్పూరం బిళ్లల కాగితాలూ ఏరేసి, పూలు మాత్రమే వేసేవారు. పూలు కూరగాయ తొక్కలకంటే తొందరగా మాగుతాయి, ఒక్క రోజూ వాసన రాలేదు. పక్కింటావిడ చూసి తన పూలు కూడా తెచ్చింది. తర్వాత ఇంకో మూడిళ్ల పూలు వచ్చాయి. "ఎంగిలి చేత్తో ముట్టుకోలేదు కదా?" అని అందర్నీ అడిగి మరీ పుచ్చుకునేవారు. రెండో కుండ కొన్నాం. నేను వీధంతా తిరిగి పాఠాలు చెబితే నాలుగిళ్లు కదిలాయి. ఆవిడ గుమ్మం కదలకుండానే నాలుగిళ్లని కదిపారు. ఆషాఢంలో వానలు పడ్డాక మొదటి కుండలోంచి దోసెడు తీసి తులసికి వేశారు. నేను దూరం నుంచి చూశాను. వీధిలో అందరి పూలూ ఆ కుండలో పడ్డాయి గానీ, వేసే పని మాత్రం నాకెప్పుడూ ఇవ్వలేదు. నేను అడగనూ లేదు.

వినాయకచవితి వెళ్లాక తునిలో మా ఆడపడుచు ఇంటికి పది రోజులకని బయల్దేరారు. పెట్టె ఆటోలో పెట్టేశాం. ఆవిడ గేటు దాకా వెళ్లి, చెప్పులు విడిచి, మళ్లీ లోపలికి వచ్చారు. దేవుడి గది ముందున్న పూలబుట్ట తీసుకుని నా చేతుల్లో పెట్టారు.

"ఈ పది రోజులూ నువ్వే వెయ్యాలి. దారం తీసి వెయ్యమ్మా."

ఆటో వెళ్లిపోయాక కూడా బుట్ట పట్టుకుని చాలాసేపు గేటు దగ్గరే నిలబడ్డాను.

పది రోజులూ బడి నుంచి రాగానే కాళ్లూ చేతులూ కడుక్కుని, గుమ్మంలో కూర్చుని దారాలు లాగాను. ఆవిడ వస్తే చూపించాలని లాగిన ప్రతి దారాన్నీ ఒక అగ్గిపెట్టెకి చుట్టి, దేవుడి గది అలమరలో పెట్టాను. ఆవిడ వచ్చిన రోజు పెరట్లోకి వెళ్లి కుండ మూత తీసి చూస్తారని తలుపు దగ్గర కాచుకుని ఉన్నాను. పెరటి వైపు వెళ్లనేలేదు. దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ అలమరలో ఆ దారం చుట్ట చూసి, చేతిలోకి తీసుకున్నారు.

"ఇవెందుకు దాచావమ్మా? పారెయ్," అని నా చేతికిచ్చి, కాఫీ పెట్టమన్నారు.