గుమ్మం పక్కన కలబంద

కలబంద నీళ్లు తక్కువై చావదు, ఎక్కువై చస్తుంది. ఎండదేశపు మొక్కలు పగలంతా ఊపిరి బిగబట్టి, పొద్దుగూకాకే గాలి పీలుస్తాయని పుస్తకాల్లో రాశారు. మెట్ల కింది గదిలో నలభై ఏళ్లుగా ఇస్త్రీ చేస్తున్న ముసలాయన భార్య ఏ పుస్తకమూ చదవలేదు. అయినా అడుగు చిల్లుపడ్డ బకెట్లో సగానికి సగం ఇసుక కలిపి పిలక నాటి, గుమ్మం పక్కన పెట్టి, మట్టిలో వేలు గుచ్చి పొడిగా తగిలితేనే తడిపేది. కోస్తే బయటి ఆకే. దురద పుట్టించే పచ్చరసం కారిపోయేదాకా దాన్ని గోడకు నిలబెట్టి, ముళ్ల అంచులు చెక్కి, లోపలి గుజ్జు మొగుడి కాలిన వేళ్లకు రాసేది.

పైన ముళ్లు, లోపల చలవ అని ఆయన ఆ మొక్కకు అత్తగారని పేరు పెట్టాడు. మా అమ్మకి ముళ్లు నిన్ను చూశాకే మొలిచాయిలే అని ఈవిడ అంటించేది.

మునుపు ఏడాదికి ఒక్క ఆకు సరిపోయేది. తడివేలు ఇస్త్రీపెట్టె అడుక్కి తాటించి, అది పట్టుబట్టకు పనికొచ్చే వేడో, నూలుకో చెప్పగల మనిషి ఆయన. ఈ ఏడు మాత్రం వారం తిరక్కుండా కుడిచేతి వేలు ఏదో ఒకటి బొబ్బెక్కుతోంది. ధ్యాస ఎక్కడ పెట్టావని తిట్టేది, గుజ్జు రాసేది, చల్లగా ఉందా అని అడిగేది. హాయిగా ఉందనేవాడు, గోడకేసి చూస్తూ.

చివరికి మొవ్వులో రెండాకులు మిగిలాయి. అవీ కోస్తే మొక్క పోయినట్టే. ఆ మధ్యాహ్నం బొటనవేలు కాలినప్పుడు ఆవిడకు చెయ్యి రాలేదు. జిగురు జిగురే, మగాడికేం తెలుస్తుందనుకుని, బట్టలకు పెట్టే గంజి గిన్నెలోంచి చెంచాతో తీసి రాసేసింది. అది పొద్దుటిదే అనుకుంది.

"అత్తగారి చలవే చలవ" అన్నాడాయన కళ్లు మూసుకుని.

చెంచాకు అంటినది వేలితో తుడవబోతే చురుక్కుమంది. అది ఆయన అప్పుడే కాచి దించిన గంజి. గబగబా తడిగుడ్డతో ఆయన వేలు తుడిచి, ఎందుకో ఆగి, ఆయన అరచేతిని గోళ్లతో గట్టిగా గిచ్చింది. ఆయన కళ్లు తెరవలేదు.

"ఎప్పట్నించి?" అంది.

"వానలప్పట్నించి. ముందు వేళ్ల కొసలు, ఇప్పుడు మణికట్టుదాకా. నరాలు చచ్చుబడ్డాయి, తిరిగి రావన్నాడు డాక్టరు. పెట్టెని కంటితో చూసి పట్టుకుంటున్నానే. నీకు చెబితే ప్లగ్గు పీకేస్తావు."

పీకేసింది. బల్లమీద చొక్కాకు ఒక చెయ్యి మడత దిద్దుకుని ఉంది, రెండోది ముడతలతోనే ఉండిపోయింది. చేతనైన పని అదొక్కటే అయిన మనిషి లేచి వెళ్లి మెట్టుమీద కూర్చున్నాడు.

కోతలు లేక ఇప్పుడు కలబంద బకెట్టు పగిలేలా పెరిగింది, చుట్టూ పిలకలు. ఏం వేస్తున్నావని పైవాటావాళ్లు అడిగి ఆకులు పట్టుకుపోతుంటారు. ఆయన మెట్టుమీద కూర్చుని, కుడిచేతిని ఎవరో దాచమని ఇచ్చిన వస్తువులా ఒళ్లో పెట్టుకుని చూస్తుంటాడు. కోయగా మిగిలిన ముక్క ఆవిడ అలవాటుకొద్దీ ఆ అరచేతికి రాస్తుంది. చల్లగా ఉందా అని మాత్రం అడగదు.