నాయిన ముందు అనలేని మాట

తొంభైల చివర్లో మాదాపూర్‌లో నాకు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఉద్యోగం దొరికింది. అమెరికా డాక్టర్లు చెప్పిన కేసులు హెడ్‌ఫోన్లలో విని టైపు చేయాలి. ఒక్క మాట వస్తే మాత్రం ముందు చుట్టూ చూసుకునేదాన్ని: కార్పస్ స్పాంజియోసమ్. మగవాళ్ల మూత్రనాళం చుట్టూ స్పాంజిలా మెత్తగా ఉండే కణజాలం. డిక్షనరీలో పక్కనే బొమ్మ కూడా ఉండేది. ఆ పేజీ తెరిస్తే అరచేయి అడ్డం పెట్టుకునేదాన్ని.

మా నాయిన మేస్త్రీ. అక్కడికి దగ్గర్లోనే లేస్తున్న బిల్డింగులో సెంట్రింగ్ చెక్క జారి, కింది దూలం మీద కాళ్లు చెరోవైపు పడేట్టు కూలబడ్డాడు. ఇంట్లో మాత్రం నడుము పట్టేసిందన్నాడు; పడ్డ సంగతి ఆయనతో పనిచేసే కూలీ చెబితే నాకు తెలిసింది. కొన్నాళ్లకు బాత్రూంలోకి వెళ్తే ఎంతసేపటికీ బయటికి వచ్చేవాడు కాదు.

"వేడి చేసింది, ఇంకేం లేదు" అంటూ అమ్మ చెంబుల కొద్దీ బార్లీ నీళ్లు తాగించింది. తాగినకొద్దీ ఆయన మెలికలు తిరిగిపోయాడు. ఒక మధ్యాహ్నం ఆయన లుంగీ మీద నెత్తురు మరక చూశాను. అలాంటి కేసులు ఎన్ని టైపు చేశానో. దెబ్బ తిన్నచోట మచ్చకట్టి మూత్రం దారి మూసుకుపోతుంది, ఆలస్యమైతే కిడ్నీలకే ముప్పు.

అమ్మకు చెప్పబోయాను. "ఏందే, గట్లున్నవ్?" అంటే ఏం లేదన్నాను. ఆ పూట ఇంకో చెంబు బార్లీ నేనే కాచి ఇచ్చాను. తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

మర్నాడు నాయిన గోడ పట్టుకుని మూలుగుతుంటే ఇక ఆగలేక, వెనక నిలబడే చెప్పేశాను.

"వేడి కాదు నాయినా. పడ్డప్పుడు లోపట దెబ్బ తాకింది. స్పాంజియోసమ్ అంటరు. దవాఖానకు పోదాం పా."

ఆయన ఇటు తిరగలేదు.

"గివన్నీ రాస్తవా ఆఫీసుల?"

"రాస్త."

"మొగోళ్లు గూడ ఉంటరా పక్కన?"

"ఉంటరు."

సిగ్గుతో చచ్చిపోయాను. దవాఖానకు రాడు, నా నౌకరీ కూడా ఇవాళ్టితో సరి అనుకున్నాను. చాలాసేపటికి ఆయన చొక్కా తొడుక్కున్నాడు.

దవాఖానలో డాక్టరు ఏమైందని ఎన్నిసార్లు అడిగినా నాయిన పైన ఫ్యాను వైపే చూస్తూ కూర్చున్నాడు. చివరికి, చెవులు ఎర్రబడుతుంటే, మెల్లగా అన్నాడు:

"నాతోని కాదు సార్. నా బిడ్డకు ఇంగ్లీషుల ఎరుక. ఆమెనడుగుండ్రి."

చెప్పాను. చెబుతున్నంతసేపూ ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆపరేషన్ తర్వాత ఆయన కోలుకుని మళ్లీ పనిలోకి వెళ్లాడు. పొద్దున నేను ఆఫీసుకు బయల్దేరుతూ ఎదురుపడితే ఇద్దరం తల దించుకునేవాళ్లం. ఉద్యోగం మానెయ్యమని మాత్రం నాయిన ఎన్నడూ అనలేదు.